కనకం తోట దారి

చినలంక,
9 జూన్ 2024.

వీరబాబుకి,

ఆశీస్సులు. మాధురి, పిల్ల హైదరాబాదులో కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు మస్కట్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "బాగున్నాను" అని పెట్టేస్తున్నాను. కోపం కాదు. ఈ ఇంట్లో ఫోన్ మాట్లాడింది ఎప్పుడూ మీ అక్కే. నేను పక్కన కూర్చుని వినేవాణ్ణి. ఇప్పుడు ఆ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే మాట పెగలడం లేదు. అందుకని ఉత్తరం.

ఊరి సంగతి నీ చెవిన పడే ఉంటుంది. గల్ఫ్ పెట్టుబడితో ఒక కంపెనీ మన లంక అంచు పొడవునా హోటళ్ళు, విలాసపు ఇళ్ళు, షికారు పడవలకి రేవు కడతానంటోంది. పంచాయతీ గోడకి ప్లాను అంటించారు. అందులో మన తూర్పు తోట మీద నీలం రంగు వేసి ఉంది. మీ నాన్నగారు మీ అక్కకి పసుపు కుంకుమల కింద ఇచ్చిన తోట, ఊరంతా కనకం తోట అనేది.

జాలరి పాలెం వాళ్ళు పడవల దగ్గరికి వెళ్ళేది ఆ తోటలోంచే. కాగితం మీద ఆ దారి లేదు. మీ అక్క కాపురానికి వచ్చిన కొత్తలో దానమ్మ అత్తగారు వచ్చి అడిగితే, నడవండి అన్నది. అంతే. అప్పటినుంచి ఆడవాళ్ళు పొద్దున్నే చేపల గంపలతో తోట దాటి, మన అరుగు ముందు నుంచి రోడ్డెక్కుతారు. పోతూ పోతూ అరుగు మీద మీ అక్క పెట్టిన ఇత్తడి పళ్ళెంలో గుప్పెడు రొయ్యలో, ఒక చేపో వేస్తారు. ఆవిడ వాళ్ళ గంపలో కొబ్బరికాయ పడేసేది. వద్దంటే వద్దని రోజూ ఆవిడా దానమ్మా దెబ్బలాడుకునేవారు. దానమ్మ ఇప్పటికీ వేస్తోంది. నాకు చేత కాదని చేప బాగుచేసి మరీ ఇస్తోంది.

కలెక్టరుగారికి అభ్యంతరం ఇంగ్లీషులో రాసిపెట్టమని పాలెం వాళ్ళు అడిగారు. రాశాను. రేవు అందకపోతే వాళ్ళకి పడవలు ఉండీ లేనట్టే అని రాశాను.

ఇక అసలు సంగతి. మాకు పిల్లలు లేరు. ఆనవాయితీ ప్రకారం పసుపు కుంకుమల భూమి పుట్టింటికి చేరాలి. రికార్డుల్లో వారసుడిగా నా పేరు ఎక్కింది గానీ తోట నీది. అమ్ముతావో ఉంచుతావో నువ్వే చెప్పాలి. నా అభిప్రాయం రాయను. రాస్తే నీకు మొహమాటం.

గంగాధరరావు


మస్కట్,
4 జూలై 2024.

బావగారికి,

వీరబాబు నమస్కారాలండీ. కవరు మీద మీ చేతిరాత చూసి విప్పకుండా పక్కన పెట్టేసేను. ఈ రోజుల్లో ఉత్తరం అంటే ఏం కబురో అని భయం కదండీ. నా గదిలో ఉండే మలయాళీ ఆయనే విప్పి ఇచ్చేడు. ఆయనకీ నాకూ రోజూ పేచీయేనండీ, మా కొబ్బరి గొప్పా మీ కొబ్బరి గొప్పా అని. వాళ్ళు చేపలు కొబ్బరినూనెలో వేపుతారండీ. తింటాను గానీ బాగుందని ఒప్పుకోను.

ఒక తమాషా చెప్పనాండీ? మన ఊరికి వచ్చింది మా కంపెనీయేనండీ! మనూరి కుర్రాళ్ళు బోర్డు ఫొటో పంపిస్తే చూసేను. మా గోడౌను తలుపు మీదున్న పడవ గుర్తే. నేనిక్కడ లెక్క చూసి దింపించే సామాను రేపు మన రేవులో దిగుతుందేమో. అందరికీ చెప్పుకుని మురిసిపోయేను, మా కంపెనీ మా కంపెనీ అని.

తోట నాదనకండీ. అక్క పోయిందని తోట పట్టుకుపోవడానికి వచ్చే తమ్ముణ్ణా నేను? అయినా మీరలా రాసేరంటే ఏదో ఉండే ఉంటుంది. ఒక్కరూ ఆ చెట్ల కింద తిరుగుతుంటే అక్క గుర్తొచ్చి కష్టంగా ఉందేమో, అందుకే వదిలించుకుందాం అనుకుంటున్నారేమో అనిపించింది. అలా అయితే అమ్మేసినా నాకేం బాధ లేదండీ. నా గురించి ఆలోచించకండి. మీ ఇష్టమే నా ఇష్టం.

అన్నం వేళకి తింటున్నారా? అక్క లేదని మజ్జిగతో సరిపెట్టకండి.

మీ
వీరబాబు


చినలంక,
26 జూలై 2024.

వీరబాబుకి,

నీ ఉత్తరంలో "మా కంపెనీయే" అన్న చోట ఆగాను. నువ్వు నవ్వుతూ రాశావు. నాకు నవ్వు రాలేదు.

ఆ మర్నాడే గణపతి వచ్చాడు. రాజోలులో స్థలాల బేరాలు చేసేవాడు, ఇప్పుడు కంపెనీ తరఫున తిరుగుతున్నాడు. మీ అక్క ఫొటోకి దణ్ణం పెట్టాడు. కాఫీ తాగాడు. "మీ బావమరిదిగారు మావోళ్ళ దగ్గరేనటగా అండీ," అన్నాడు. "ఆయ్," అన్నాను. "మంచి ఉద్యోగం అండీ. ఈ రోజుల్లో నిలబెట్టుకోవాలంటే మాటలా," అన్నాడు. తోట ఊసు ఎత్తకుండానే లేచి వెళ్ళాడు. ఎత్తితే బాగుండేది.

చేపల వేలం పాట జరిగే షెడ్డులో పాలెం వాళ్ళంతా కూడారు. గట్టు పక్క ఎవరూ సెంటు కూడా అమ్మకూడదని అనుకున్నారు. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టి నేను రాసిన అర్జీ చదవమన్నారు. చదివాను. దానమ్మ లేచి నిలబడింది. "అబ్బాయిగారూ, నాకొక్క ముక్క తెలిస్తే ఒట్టు. ఆళ్ళకీ తెలీకుండా రాసేరంటే గొప్ప, జడిసి పోతారు," అన్నది. షెడ్డంతా గొల్లున నవ్వింది. మీ అక్క పోయాక నేను నవ్వింది అక్కడే.

తోట సంగతి నువ్వు తేల్చలేదు. నా మీదికి తోశావు. అక్కడ నీకు ఎవరైనా ఏదైనా అంటే దాచకు. మస్కట్‌లో ఏం జరిగినా నాకు ఇక్కడ తెలియదు.

గంగాధరరావు


మస్కట్,
20 ఆగస్టు 2024.

బావగారికి,

నమస్కారాలండీ. నన్నెవరేమంటారండీ? గోడౌనులో పెట్టె లెక్క తప్పితే తిడతారు, అది ఎప్పుడూ ఉండేదే.

ఆఁ, ఒకటి జరిగిందండోయ్. మొన్న పెద్ద మేనేజరు పిలిపించేడు. ఆ ఊరు మీదేనా అన్నాడు. అవునన్నాను. మీ వాళ్ళకి అక్కడ భూమి ఉందా అన్నాడు. ఉందన్నాను. కూర్చోబెట్టి టీ ఇప్పించేడండీ! ఈ కంపెనీలో నాకు టీ ఇప్పించిన మొదటి మేనేజరు ఆయనే. మలయాళీ ఆయన మొహం మాడిపోయింది. ఆయన ఊళ్ళో ఎవరూ హోటలు కట్టడం లేదు మరి.

కొబ్బరి దింపు వాళ్ళు వస్తున్నారా అండీ? ఈసారి కాయ ఎలా ఉంది? రెండో వరసలో గోదారి మీదికి ఒరిగిన చెట్టు ఇంకా ఉందా? చిన్నప్పుడు దాని మీద చివరిదాకా నడిచి నీళ్ళలోకి దూకేవాణ్ణి. నాన్నకి చెప్పేస్తా ఉండు అని అక్క గట్టు మీద నిలబడి బెదిరించేది. ఒక్కసారీ చెప్పలేదు. ఊరికే అడిగేనండీ, మరోలా అనుకోకండి.

అమ్మకం మాటకొస్తే, మీరు సంతకం పెట్టినా పెట్టకపోయినా నాకు ఒకటేనండీ. మీ మనసు తేలిగ్గా ఉండటమే నాకు కావాలి.

మీ
వీరబాబు


చినలంక,
28 సెప్టెంబరు 2024.

వీరబాబుకి,

పెద్ద మేనేజర్లు ఊరికే టీ ఇప్పించరు. నీకది తెలియదని కాదు. నాకు చెప్పడం ఇష్టం లేక తమాషాగా రాశావు. అర్థమైంది.

ఒరిగిన చెట్టు ఉంది. కాయ తక్కువ. కొట్టించేద్దాం అని ఎన్నోసార్లు అన్నాను. మీ అక్క ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పలేదు. నీ ఉత్తరంతో తెలిసింది.

గణపతి మళ్ళీ వచ్చాడు. ఈసారి తోట గురించే మాట్లాడాడు. "పసుపు కుంకుమల భూమి కదండీ, న్యాయానికి మీ బావమరిదిగారిదే. ఆయనకి మంచి జరుగుతుంటే మధ్యలో మీకు అడ్డేంటండీ," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేనూ మర్యాదగానే విన్నాను.

మీ అక్క సంవత్సరీకం కార్తీకంలో. సెలవు పెట్టి రా. తోట విషయం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడదాం. ఉత్తరాల్లో కుదరడం లేదు. దానమ్మ కూడా నిన్ను అడిగింది. నువ్వొస్తే పండుగప్ప చేప పులుసు పెట్టి పంపిస్తానంటోంది.

గంగాధరరావు


మస్కట్,
24 అక్టోబరు 2024.

బావగారికి,

నమస్కారాలండీ. సెలవు దొరకలేదు. సంవత్సరీకానికి రాలేను. క్షమించండి. తోట సంగతి ఇక మీరే తేల్చేయండి. త్వరగా తేలిపోతే నా మనసు కుదుటపడుతుంది. అక్క ఫొటో ముందు నా పేర కూడా ఒక దీపం పెట్టండి.

వీరబాబు


చినలంక,
12 డిసెంబరు 2024.

వీరబాబుకి,

సంవత్సరీకం జరిగింది. నీ దీపం పెట్టాను.

నీ ఉత్తరంలో అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి. నీ రాత అలా ఉండదు. అంత పొట్టిగా కూడా నువ్వు రాయవు. ఎవరో పక్కన నిలబడి రాయించినట్టుంది. సెలవు ఇవ్వలేదంటేనే తెలిసింది. ఇక ఆలోచించలేదు. రాజోలు వెళ్ళి తూర్పు తోట కంపెనీకి రాసిచ్చేశాను. డబ్బు నీ ఖాతాకే వస్తుంది. పాలెంలో ఎవరికీ చెప్పలేదు. రోజూ చెప్దామనే అనుకున్నాను. రోజూ దానమ్మ పళ్ళెంలో చేప వేసేది. అది తీసుకుని లోపలికి వచ్చేవాణ్ణి.

తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ సభ. బడి ఆవరణలో షామియానా వేశారు. వెళ్ళకూడదనుకున్నాను. పాలెం వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. ముందు వరసలో కూర్చోబెట్టారు. మన తరఫున మీరుంటే ధైర్యం అన్నారు.

అధికారి నేను రాసిన అర్జీ తీసి, తెలుగులో చెప్పి వినిపించాడు. "ఎవరు రాశారో గానీ చాలా బాగా రాశారు," అన్నాడు. అప్పుడు కంపెనీ ఆయన మైకు అందుకున్నాడు. ఆ పెద్దమనిషి ఇక్కడే ఉన్నారు, గంగాధరరావుగారు, ప్రాజెక్టు సంగతి పూర్తిగా అర్థం చేసుకుని ఈ గట్టున అందరికంటే ముందు తమ తోట మాకు ఇచ్చారు, వారిని గౌరవించుకోవడం మా ధర్మం, అన్నాడు. గణపతి శాలువా పట్టుకుని వచ్చాడు.

కప్పాడు.

నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను. ఎవరైనా శాలువా కప్పితే లేచి దణ్ణం పెట్టడం అలవాటు. అలవాటు ప్రకారం చేతులు లేచాయి. తర్వాత తెలిసింది ఎవరికి పెడుతున్నానో.

దానమ్మ నా వెనకే ఉంది. తిడుతుందనుకున్నాను. శాలువా లాగి మొహాన కొడుతుందనుకున్నాను. కొంగు సర్దుకుని బయటికి నడిచింది. ఆమె వెనక పాలెం అంతా నడిచింది. నేను ఒక్కణ్ణీ ముందు వరసలో మిగిలాను.

శాలువా ఇంటికి తెచ్చాను. ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. మీ అక్క బట్టలున్న బీరువాలో పెట్టలేను.

నీ ఉద్యోగానికి ఇక ఇబ్బంది ఉండదు. నాకు మిగిలింది ఆ ఒక్కటే.

గంగాధరరావు


మస్కట్,
6 జనవరి 2025.

బావగారూ,

ఎందుకమ్మేరండీ?

మీ ఉత్తరం చదివి గోడౌను మెట్ల మీద కూలబడిపోయేను. మలయాళీ ఆయన మంచినీళ్ళు తెచ్చి, ఎవరు పోయారు అని అడిగేడు. మా తోట అన్నాను.

నేనెప్పుడు అమ్మమన్నానండీ? నాకు కడుపులో పుండు పగిలి ఆపరేషను చేసేరు. ఉన్న సెలవంతా ఆసుపత్రిలోనే అయిపోయింది. మీకు చెప్తే కంగారు పడతారని చెప్పలేదు. మాధురికి కూడా ఆసుపత్రి నుంచి గదికొచ్చేకే చెప్పేను. పడుకుని రాస్తే అక్షరాలు వంకర పోక ఏమవుతాయండీ? బతుకుతానో లేదో అని భయపడి, నా మూలంగా తోట సంగతి మీ నెత్తిన మిగిలిపోకూడదని తేల్చేయమన్నాను. ఉంచేసుకుంటాను అని రాస్తారనుకున్నాను. ఒట్టండీ, అలాగే రాస్తారనుకున్నాను.

ఆ టీ ఇప్పించిన మేనేజరు మరుసటి నెలే వేరే చోటికి మారిపోయేడు. కొత్తాయనకి నా పేరే తెలీదు. వేలమందిలో నేనెవరికండీ లెక్క? మా కంపెనీ మా కంపెనీ అని మనూరి వాళ్ళ దగ్గర గొప్పలు పోయింది నేనే. గణపతికి ఆ దారినే తెలిసుంటుంది. నా డాబు ఆడి చేతికి కర్ర అయింది.

ఇప్పుడు రాస్తే ఏం లాభం గానీ రాస్తున్నానండీ. ఇక్కడ పని మానేసి వచ్చి, ఆ ఒరిగిన చెట్టు దగ్గర రెండు గదులు వేసుకుందాం అనుకున్నాను. మాధురికి చెప్పేను. మలయాళీ ఆయనకి విసుగొచ్చేదాకా చెప్పేను. మీకు మాత్రం రాయలేదు. రాస్తే తోట అడుగుతున్నట్టు ఉంటుందని సిగ్గేసింది. చెట్టుందా అని మాత్రం అడిగేను. అడిగినందుకే తప్పు చేసేనేమో అని రెండ్రోజులు నిద్రపట్టలేదు.

మీకు తోట బరువనుకున్నాను నేను. నాకు ఉద్యోగం పోతుందనుకున్నారు మీరు. ఇద్దరం ఎంత పెద్దమనుషులమండీ!

ఆ డబ్బు ముట్టుకోలేను. దానమ్మత్త మొహం ఎలా చూడనండీ? ఆవిడ గంపలోంచి చేపలు దొంగిలించి పెరిగినవాణ్ణి నేను.

వీరబాబు


చినలంక,
9 మార్చి 2025.

వీరబాబుకి,

ముందు రాయవలసింది ముందు రాస్తాను. నువ్వు రావాలని నాకుంది. వచ్చి ఈ ఇంట్లో ఉండాలని ఉంది. మాట వరసకి అనడం లేదు. మీ ఇష్టం అని జవాబు రాయకు. వస్తాను అనో, రాను అనో రాయి.

తోట అమ్మవద్దని జూన్‌లో నాకు ఉంది. ఆ ఒక్క మాట ఉత్తరంలో రాయలేదు. నీకు మొహమాటం అవుతుందని వంక పెట్టాను. మొహమాటం నాది. మీ అక్క ఉంటే నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "అమ్మొద్దురా తమ్ముడూ" అని ఒక్క అరుపు అరిచి ఉండేది.

నీ ఆపరేషను సంగతి చదివాను. ఆ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. నువ్వు నొప్పితో రాసిన అక్షరాలు చూసి నేను వెళ్ళి తోట అమ్మాను.

గణపతి దగ్గరికి వెళ్ళి తోట వెనక్కి ఇప్పించమన్నాను. కాఫీ తెప్పించాడు. "రిజిస్ట్రేషన్ అయిపోయింది కదండీ, మీరు చదువుకున్నవారు," అన్నాడు. కాఫీ తాగి వచ్చాను. తాగకుండా లేవడం అప్పుడూ చేత కాలేదు.

మళ్ళీ అర్జీ రాసిస్తానని పాలెం వెళ్ళాను. కుర్చీ వేశారు. కొబ్బరిబోండం కొట్టి ఇచ్చారు. అమలాపురంలో క్రిస్టీనాగారని ఒక లాయరు చేత రాయించుకున్నాం అండీ, మీకు శ్రమ ఎందుకు అన్నారు. దారి తెగిపోవడానికి కారణంగా అందులో నా పేరు రాశారట. రాయాలి.

తోట చుట్టూ రేకుల కంచె వేశారు. ఆడవాళ్ళు గంపలతో కాలవ లాకుల దాకా వెళ్ళి, అటునుంచి తిరిగి రోడ్డెక్కుతున్నారు. వచ్చేసరికి బేరం అయిపోతోంది. దానమ్మ వయసుకి అది నడిచే దూరం కాదు. ఒరిగిన చెట్టు పోయింది. నరకలేదు, యంత్రంతో వేళ్ళతో సహా లాగారు. నీకు చెప్పకుండా ఉండలేను.

మన ఇల్లు, పెరడు నావే. పెరటి గోడ అవతల గట్టు. ఆ గోడ పడగొట్టించాను. వీధి గేటు తలుపులు కూడా తీయించేశాను. ఇప్పుడు గట్టు నుంచి మన పెరట్లోకి, వంటింటి పక్క నుంచి, అరుగు ముందుగా రోడ్డు మీదికి రావచ్చు. నా తర్వాత ఎవరూ మూయకుండా ఆ దారి పాలెం పేర రాసి రిజిస్టరు చేయించాను. మళ్ళీ పాలెం వెళ్ళి చెప్పాను. దానమ్మ వల బాగుచేస్తోంది. తలెత్తలేదు. "వద్దండీ రావుగారూ. మీ ఇంటి మధ్యనించి మేము నడవడమేంటండీ, బాగోదు," అన్నది.

నన్ను ఆవిడ రావుగారూ అనడం ఎప్పుడూ వినలేదు.

కొన్నాళ్ళు ఎవరూ రాలేదు. తర్వాత ఒక రోజు అకాల వాన పడి లాకుల దారి బురద అయ్యి ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఇప్పుడు అందరూ వస్తున్నారు. దానమ్మ కూడా వస్తోంది. వేరే గతి లేదు కనక వస్తున్నారు. మీ అక్క ఉన్నప్పుడు తోట అవతల ఉండగానే కేకలేసుకుంటూ వచ్చేవారు. ఇప్పుడు పెరట్లో అడుగు పెట్టగానే మాటలు ఆపేస్తారు. పరాయి వాళ్ళ ఇంటి ముందు నడిచినట్టు, పక్కకి చూడకుండా వెళ్తారు. నేను అరుగు మీద ఉంటే లోపలికి వచ్చేస్తున్నాను. వాళ్ళకి నా మొహం చూసే ఇబ్బంది ఎందుకని.

నువ్వు వస్తే అరుగు మీద కూర్చో. నిన్ను తిడతారు. తిట్టనీ. నన్ను తిట్టడం లేదు.

పొద్దున్నే మీ అక్క ఇత్తడి పళ్ళెం తీసి అరుగు మీద పెడుతున్నాను. పక్కన కొబ్బరికాయలు కూడా పెడుతున్నాను. సాయంత్రం కాయలు ఎక్కడివక్కడే ఉంటాయి. పళ్ళెం లోపల పెట్టేస్తాను. కడగాల్సిన పని ఉండటం లేదు.

మీ బావ,
గంగాధరరావు